ఏ వాకిట ఏ పత్రము

రెండు రాజ్యముల పౌరసత్వము గలవాడు ప్రయాణమునకు బయలుదేరునపుడు ఏ పాస్‌పోర్టును చేతబట్టవలెనను ప్రశ్న, విమానాశ్రయమున వరుసలో నిలిచిన తరువాత తేల్చుకొనదగినంత స్వల్పవిషయముగా పలువురకు తోచుచున్నది. కాని ఆ ప్రశ్నకు సమాధానము ప్రయాణదినమునకు ఎన్నో యేండ్ల పూర్వమే, ఒక్కొక్కప్పుడు మనము పుట్టకమునుపే, మన పెద్దలు ఎక్కడ కాపురముండిరి, ఏ కచేరీలో ఏ కాగితముపై సంతకము చేసిరి అనుదానిచే నిర్ణయింపబడి యుండును. ఈ అధ్యాయమున నేను చెప్పబూనినది ఒక్కటే: పాస్‌పోర్టును సౌకర్యమును బట్టి ఎన్నుకొనరాదు, సంబంధమును బట్టి చూపవలెను. ఏ రాజ్యపు వాకిట నిలిచితిమో ఆ రాజ్యమునకు మనతో గల సంబంధమును తెలుపు పత్రమునే అక్కడ దాపరికము లేక తీయవలెను.

ఈ మాటలను నేను సోలాపురపు బీడీ కార్మికుల వాడయైన విడీ ఘర్కుల్‌లోని కుటుంబములను తలచుకొని వ్రాయుచున్నాను. హైదరాబాదు రోడ్డు వెంబడి నగరపు తూర్పు శివారునకు వచ్చునప్పటికి దుకాణముల బోర్డులు మరాఠీలోనే యున్నను, వాకిళ్ళలో వినవచ్చు మాట తెలుగు. గడప యొద్ద కూర్చున్న స్త్రీలు ఒడిలో చేట పెట్టుకొని, రేకు కొలతకు తునికాకును కత్తిరించి, చిటికెడు పొగాకు వేసి, చుట్టి, కొసలు మడిచి, దారము కట్టి, వేయి బీడీల లెక్క పూర్తియైనపిమ్మట కార్ఖానాలో అప్పగించి వత్తురు. మగవారిలో అనేకులు టవాళ్ళు, చద్దర్లు నేయు సాంచాలపై బ్రదుకువారు. 1877లో ఇచట నూలుమిల్లు నడక సాగించినది మొదలు నల్లగొండ, కరీంనగరు, పాలమూరు, ఓరుగల్లు సీమలనుండి పద్మశాలీలు తరతరములుగా వచ్చి ఈ నగరపు పూర్వభాగమును తమ ఊరుగా చేసికొనిరి. కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం మాస్తరు ప్రభృతుల యుద్యమ ఫలితముగా కుంభారి శివారున గోదూతాయి పరుళేకర్ పేర బీడీ కార్మికురాండ్రకు నిర్మితమైన పదివేల యిండ్ల సముదాయమును 2006 సెప్టెంబరు 1న ప్రధాని మన్మోహన్ సింగు ప్రారంభించిరి. ఆ యేడు జనవరిలోనే ఆ ప్రధానియే హైదరాబాదున ప్రవాసీ భారతీయ దివస్ సభలో ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, అనగా ఓసీఐ, కార్డుల పథకమునకు శ్రీకారము చుట్టియుండిరి. బీడీలు చుట్టు తల్లులకు ఇల్లిచ్చిన పథకమునకును, సముద్రము దాటినవారికి కార్డిచ్చిన పథకమునకును ఏదో ఒకనాడు ఒకే గడపలో పని పడునని నాడు ఎవరును తలంచి యుండరు. నేడు అట్టి యిండ్లలో పెరిగి, కార్మికుల పిల్లలకిచ్చు విద్యార్థివేతనముతో చదివి, పూణేలోనో హైదరాబాదులోనో కొలువు సంపాదించి, అచటినుండి డాలసుకో టొరంటోకో తరలిన బిడ్డలు పండుగలకు, పెండ్లిండ్లకు ఆ కార్డుతోనే తల్లిగడపకు తిరిగి వచ్చుచున్నారు.

మొట్టమొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. పాస్‌పోర్టు మన చేతికి ఇయ్యబడినదే గాని మన సొత్తు కాదు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టపు 17వ సెక్షను ప్రకారము ఆ పుస్తకము ఎల్లప్పుడును కేంద్రప్రభుత్వపు ఆస్తి. అమెరికా పాస్‌పోర్టు విషయమునను నియమమిట్టిదే. ఇతడు మావాడు, ఇతనిని నిరాటంకముగా పోనిచ్చి అవసరమైనచో ఆదుకొనుడని ఒక రాజ్యము తక్కిన రాజ్యములను కోరుచు వ్రాసిన లేఖ అది. లేఖ వ్రాసినవారి మాటకు విరుద్ధమైన మాట చెప్పుచు ఆ లేఖను వాడుకొనుట ధర్మము కాదు, క్షేమమును కాదు.

సోలాపురము ఈ సంగతిని 1938లోనే చూచినది. ఈ ఊర పుట్టిన డాక్టరు ద్వారకానాథ్ కోట్నీస్, జపాను దండయాత్రకు లోనైన చైనాకు కాంగ్రెసు పంపిన అయిదుగురు వైద్యులలో ఒకరై సముద్రము దాటిరి. ఆ బృందమునకు తొలుత ఎన్నికైన బెంగాలు వైద్యునొకనికి ఆంగ్లప్రభుత్వము పాస్‌పోర్టు నిరాకరించుటచే వేరొకరిని పంపవలసివచ్చెను. కోట్నీస్ 1942 డిసెంబరు 9న చైనాలోనే కన్నుమూసిరి. ఆయన హృదయము ఏ ప్రజకు అంకితమైనదో ఆయన చేతి పాస్‌పోర్టు చెప్పలేదు, చెప్పవలసిన పనియు దానికి లేదు. విదేశయానము పౌరుని స్వేచ్ఛలో అంతర్భాగమని సుప్రీంకోర్టు 1967 ఏప్రిలులో తీర్పు చెప్పిన పిదపనే, ఆ యేడు జూనులో నేటి చట్టము పుట్టి, పాస్‌పోర్టు సర్కారువారి అనుగ్రహమను స్థితినుండి పౌరుని హక్కను స్థితికి వచ్చినది. అభిమానమును, పౌరసత్వమును వేరువేరుగా చూచుట ఈ విషయమున మొదట అలవరచుకొనవలసిన వివేకము. పాస్‌పోర్టు మారినంతమాత్రమున మనస్సు మారదు. మనస్సు మారలేదు గనుక పాత పాస్‌పోర్టు చెల్లుననుటయు తగదు.

మన తాతల కాలమునను ఈ చిక్కు వేరొక రూపమున నుండెను. సోలాపురము బొంబాయి రాజధానిలోనిది, నల్లగొండ నిజాము రాజ్యములోనిది. నల్లగొండ పల్లెలో పుట్టి మిల్లుపనికి వచ్చిన సాలెవాడు చట్టదృష్ట్యా నిజాము ప్రజ. అతడు దేశాంతరము పోదలచినచో బ్రిటిషు రక్షణలోనున్న వ్యక్తియని వ్రాసిన పాస్‌పోర్టును పొందవలసినవాడు. అతనికి సోలాపురమున పుట్టిన కొడుకో, పుట్టుకచేతనే బ్రిటిషు ప్రజ. ఒకే కప్పు క్రింద, ఒకే మగ్గపు గుంత చెంత, తండ్రి ఒక విధమైన ప్రజ, కొడుకు మరియొక విధమైన ప్రజ. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ఈ భేదమును పూర్తిగా తుడిచివైచి, దేశమునకంతకు ఒకే పౌరసత్వమును స్థాపించినది. ఏ రాష్ట్రమున పుట్టినను, ఏ రాష్ట్రమున బ్రదికినను భారతీయుడు భారతీయుడే. ఆ రాజ్యాంగమే తన 9వ అధికరణమున, స్వచ్ఛందముగా పరదేశపు పౌరసత్వమును స్వీకరించినవాడు భారత పౌరుడు కానేరడనియు చెప్పినది. తమ ప్రజలకు ఒకే గుర్తింపు నిచ్చుట ఎంత కష్టపడి సాధించిన విషయమో తెలిసిన పెద్దలు వ్రాసిన వాక్యమది. దానిని కాలము చెల్లిన పట్టుదలగా కొట్టివేయువారితో నేను ఏకీభవింపలేను.

1955 పౌరసత్వ చట్టపు 9వ సెక్షను ఈ సూత్రమునే విస్తరించినది. 1961లో ఆంధ్రప్రదేశమునుండి వెళ్ళిన ఒక వ్యాజ్యమున, పాకిస్తాను పాస్‌పోర్టుపై తిరిగివచ్చిన వ్యక్తి భారత పౌరసత్వము కోల్పోయెనా లేదా యని తేల్చు అధికారము కేంద్రప్రభుత్వమునకే కలదని సుప్రీంకోర్టు నిర్ణయించెను. మరుసటి యేట వేరొక తీర్పులో, విదేశపు పాస్‌పోర్టు పొందుట ఆ దేశపు పౌరసత్వమును కోరి పొందుటకు తిరుగులేని సాక్ష్యమను నియమమును సమర్థించెను. కావున విడీ ఘర్కుల్‌లో పుట్టి అమెరికాలో ప్రమాణము చేసి పౌరుడైన యువకునికి ఏ పాస్‌పోర్టుపై పోవలెనను ఎన్నికయే లేదు. అతని పెట్టెలోని నీలపు భారతీయ పాస్‌పోర్టుకు ఇంకను ఆరేండ్ల గడువు మిగిలియున్నను, ప్రమాణము చేసిన దినముననే అది ప్రయాణమునకు పనికిరానిదైనది. దానిని కాన్సులేటునకు అప్పగించి, అప్పగించినట్లు ధ్రువపత్రము పొందవలెను. వీసా ఖర్చు తప్పునను ఆశతో పాత పుస్తకముపైననే ఇంటికి వచ్చిపోవువారు తాము ఎంత గండము కొనితెచ్చుకొనుచున్నారో యెరుగరు. భారత పౌరుడు కానివాడు జాతీయతను దాచి భారత పాస్‌పోర్టును సంపాదించినచో పాస్‌పోర్టుల చట్టపు 12వ సెక్షను ప్రకారము ఒక సంవత్సరమునకు తగ్గకుండ, అయిదేండ్లవరకు కారాగారశిక్ష విధింపవచ్చును. గడువు తీరిన పాత పుస్తకమును పునరుద్ధరించుకొనుట తేలిక పనియని చెప్పు మధ్యవర్తి మాటను చెవిని పెట్టరాదు.

ఇచట మరియొక పొరపాటు తరచుగా జరుగుచున్నది. అవతలి దేశము ఒప్పుకొనినది గదాయని మన దేశమును ఒప్పుకొనునని తలంచుట. 2024 జూను 27 నుండి జర్మనీ తన పౌరసత్వము పుచ్చుకొనువారిని పూర్వ పౌరసత్వము విడువుమని అడుగుట మానివైచినది. మ్యూనిచ్‌లోని తెలుగు ఇంజనీరు ఈ వార్త చదివి సంతసించిన సంతసించుగాక. జర్మనీ అతనిని రెండు పౌరసత్వములు ఉంచుకొనుమన్నను, భారతదేశపు చట్టము భారత పౌరసత్వమును ఆ క్షణముననే హరించును. పౌరసత్వము విషయమున ప్రతి రాజ్యము తన మాట తాను చెప్పుకొనును గాని పొరుగు రాజ్యపు మాటను చెప్పజాలదు.

జర్మనీ పేరు వచ్చినది గనుక, తెలుగునాట అందరెరిగిన ఒక వ్యవహారమును కొంత విస్తరించి చెప్పవలసియున్నది. సోలాపురపు పద్మశాలీలలో ఎందరో రాజన్నకు కోడె మొక్కు చెల్లించుకొనుటకు వేములవాడకు పోయివత్తురు. ఆ వేములవాడ నియోజకవర్గమునుండి 2009లో మొదలుకొని నాలుగుమారులు శాసనసభకు ఎన్నికైన చెన్నమనేని రమేశ్, 1993లో జర్మన్ పౌరసత్వము పొందినవారు. తరువాత స్వదేశమునకు వచ్చి భారత పౌరసత్వమునకు దరఖాస్తు పెట్టుకొనగా 2009 ఫిబ్రవరిలో అది మంజూరైనది. దరఖాస్తునకు ముందు ఒక సంవత్సరము దేశమున నివసించి యుండవలెనను నిబంధన నెరవేరలేదనియు, విదేశ ప్రయాణములను దాచిరనియు ప్రత్యర్థి ఫిర్యాదు చేసెను. కేంద్ర హోంశాఖ 2017లోను, మరల 2019 నవంబరులోను ఆ పౌరసత్వమును రద్దుచేసినది. వాదప్రతివాదములు సంవత్సరముల తరబడి సాగినవి. పౌరసత్వము వచ్చిన పిదపను జర్మన్ పాస్‌పోర్టుపై చేసిన ప్రయాణములు విచారణలో ముఖ్యముగా ప్రస్తావనకు వచ్చినవి. కడపట 2024 డిసెంబరు 9న తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేయని నిర్ణయించి, 30 లక్షల రూపాయలు ఖర్చుల క్రింద చెల్లింపవలెనని ఆజ్ఞాపించినది. జర్మన్ పౌరసత్వమును వదులుకొన్నట్లు ఆ దేశమునుండి పత్రము దాఖలు కాకపోవుట ఆ తీర్పునకు ఒక ఆధారము.

ఈ కథనమును నేను ఒకరిని నిందించుటకు ఉదాహరింపలేదు. శాసనసభ్యునికిని, టవాళ్ళు నేయువాని కొడుకునకును చట్టమొక్కటే. విమానాశ్రయపు కిటికీలో మనము జరిపిన ప్రతి పాస్‌పోర్టును ఆ కిటికీ వెనుకనున్న యంత్రము జ్ఞాపకముంచుకొనును. ఒక ప్రయాణమునకు సులువైనదని నేడు తీసిన పుస్తకము, పదేండ్ల తరువాత మనము వేరొక సభలో చెప్పబోవు మాటకు ప్రతికూల సాక్షియై నిలుచును. కావున పౌరసత్వము మార్చుకొన్నవారు, లేక మరల స్వదేశ పౌరసత్వము పుచ్చుకొన్నవారు, విడిచిన రాజ్యమునుండి విడిచితిమను పత్రమును వ్రాతపూర్వకముగా తెచ్చుకొని భద్రపరచవలెను. విడిచితిమని నోటితో చెప్పిన చాలదు.

అట్లయిన ఇద్దరు రాజ్యలక్ష్ములను నిజముగా కొలుచు మనవారెవరు? పరదేశములలో పుట్టిన మన బిడ్డలలో అట్టివారు కలరు. ఉదాహరణమునకు, తలిదండ్రులు వీసా మీద డాలసులో నుండగా పుట్టిన బాలిక పుట్టుకచేతనే అమెరికా పౌరురాలు. గ్రీన్‌కార్డు రాక విసిగిన ఆ తలిదండ్రులు టొరంటోకు పోయి కొన్నేండ్లకు కెనడా పౌరులైరి, బాలికయు అయినది. ఆ రెండు దేశములును ద్వంద్వ పౌరసత్వమును అంగీకరించునవే. ఆమె యౌవనమున అమ్మమ్మను చూచుటకు టొరంటోనుండి బయలుదేరి శంషాబాదున దిగి, సుమారు మూడువందల కిలోమీటర్ల రోడ్డు ప్రయాణము చేసి సోలాపురము వచ్చి, తిరిగి పోవుచు న్యూయార్కులో స్నేహితురాలిని చూడదలచినది. ఆమె ఏమి చేయవలెను?

రెండు పాస్‌పోర్టులును వెంట తీసికొని పోవలెను. వీనిలో నొకటి దాచుకొనవలసినది, ఒకటి చూపవలసినది అని యెంచరాదు. టికెట్టు కొనునపుడు పేరు రెండు పుస్తకములలోను ఒకే రీతిగ నున్నదా యని చూచుకొని, అటులే వ్రాయించవలెను. బయలుదేరు చోట విమానసంస్థ గుమాస్తా చూచునది మనము ఏ దేశస్థులమని కాదు, దిగబోవు దేశము మనలను రానిచ్చునా యని. కావున అచట దిగబోవు దేశమునకు చెల్లు పత్రము చూపవలెను. భారతదేశమునకు వచ్చునపుడు ఆమె ఓసీఐ కార్డు ఏ పాస్‌పోర్టు సంఖ్యతో ముడివడియున్నదో ఆ పాస్‌పోర్టును, ఆ కార్డును కలిపి చూపవలెను. కార్డు లేక ఈ-వీసా తీసికొన్నను అంతియే, వీసా ఏ సంఖ్యపై వచ్చెనో ఆ పుస్తకమే. ఏ పుస్తకముతో దేశములోనికి వచ్చెనో ఆ పుస్తకముతోనే వెడలవలెను. ఇది అన్నింటికంటె ముఖ్యము. ఒకదానితో వచ్చి వేరొకదానితో పోయినచో, వచ్చిన మనిషి పోలేదనియు, పోయిన మనిషి ఎన్నడును రాలేదనియు లెక్కలలో నిలిచిపోవును; పడుగులో తెగిన పోగువలె అది నేతలో చాల దూరము పోయిన తరువాత గాని బయటపడదు. న్యూయార్కున దిగునపుడు అమెరికా పాస్‌పోర్టే తీయవలెను, ఏలయన తన పౌరులు తన పాస్‌పోర్టుతోనే రాకపోకలు సాగింపవలెనని అమెరికా చట్టము శాసించుచున్నది. కెనడాకు విమానమెక్కునపుడు కెనడా పాస్‌పోర్టు తీయవలెను, 2016 నవంబరునుండి ఆ దేశము తన ద్వంద్వ పౌరులకు దానిని తప్పనిసరి చేసినది. అమెరికా పౌరులను కెనడా వీసా లేకయే రానిచ్చును గదాయని కొందరు వాదింతురు. అమెరికా పాస్‌పోర్టుతో మాత్రమే పోవుటకు ద్వంద్వ పౌరులలో అమెరికా పౌరులకు మినహాయింపు కలదు నిజమే, అయినను తాను పౌరురాలైన దేశమున అతిథిగా దిగుట ఎందులకు? ఏ అధికారియైన మీకు వేరొక పాస్‌పోర్టు కలదా యని యడిగిన, కలదని చెప్పవలెను. కలిగియుండుట నేరము కాని దేశమున కలదనుటకు జంకవలసిన పని లేదు.

రెండు పాస్‌పోర్టులున్నవానికి రెండింతల రక్షణ కలుగునను నమ్మకమును కొంత మితము చేసికొనవలెను. 1930 నాటి హేగు ఒప్పందపు 4వ అధికరణము ప్రకారము, ఒక వ్యక్తి ఏ రాజ్యమునకు కూడ పౌరుడై యుండునో ఆ రాజ్యమునకు వ్యతిరేకముగా అతని రెండవ రాజ్యము అతనికి దౌత్యరక్షణ కల్పింపజాలదు. చిక్కు వచ్చినది మన రాజ్యములలో నొకదానియందే యైనచో, రెండవ రాజ్యపు కాన్సులు వచ్చి విడిపించునని ఆశింపరాదు. సైనికసేవ నిర్బంధమైన దేశముల పౌరసత్వము పుట్టుకచే సంక్రమించిన యువకులు ఈ మాటను మరింత శ్రద్ధతో వినవలెను.

పసిబిడ్డల విషయము వేరుగా చెప్పవలెను, ఎందుకనగా సోలాపురమున నాకు తరచుగా ఎదురగు ప్రశ్న అదియే. కాన్పునకు పుట్టింటికి వచ్చుట మన ఆచారము. అమెరికా పౌరురాలైన కూతురు విడీ ఘర్కుల్‌లోని తల్లి యింటికి కాన్పునకు వచ్చి, ఇచటి ఆసుపత్రిలో ప్రసవించినచో, పుట్టుక మొదట మున్సిపాలిటీలో నమోదగును. తరువాత ఆ తల్లి మహారాష్ట్ర వ్యవహారములు చూచు ముంబయిలోని అమెరికా కాన్సులేటులో విదేశ జనన నివేదికకును, పాస్‌పోర్టునకును దరఖాస్తు చేయవలెను. తండ్రి అమెరికా పౌరుడు కానియెడల, తల్లి బిడ్డ పుట్టుటకు పూర్వము మొత్తము అయిదేండ్లు, అందు రెండేండ్లు పదునాలుగేండ్ల వయస్సు దాటిన పిదప, అమెరికాలో నివసించినట్లు ఋజువు చూపవలెను. పాఠశాల పత్రములు, జీతపు రశీదులు కాన్పునకు వచ్చునపుడే వెంట తెచ్చుకొనిన మేలు, బాలింత అవి ఇచటినుండి వెదకజాలదు. అటుపైన ఆ పసివాడు అమెరికా పాస్‌పోర్టుపై దేశము వెడలవలెననిన, అందులో భారతదేశమునకు వచ్చిన ముద్ర యుండదు గనుక, విదేశీయుల నమోదు కార్యాలయమునుండి నిష్క్రమణానుమతి పొందవలెను. ఈ పనులన్నియు వారములు పట్టునవి. తిరుగు టికెట్టు ముందే కొని, తేదీ దగ్గరపడిన కొలది ఏడ్చిన తల్లులను చూచితిని. బారసాల జరిగి, కాగితములు చేతికి వచ్చిన తరువాతనే టికెట్టు తీయవలెను.

పరదేశమున పుట్టిన బిడ్డను భారత పౌరునిగా కాన్సులేటులో నమోదు చేయింపదలచినచో అది ఒక సంవత్సరములోపల జరుగవలెను. బిడ్డకు వేరొక దేశపు పాస్‌పోర్టు లేదని తలిదండ్రులు వాంగ్మూలమీయవలెను. అట్లు నమోదైన బిడ్డ, పుట్టుకచే వచ్చిన పరదేశ పౌరసత్వమును వయస్సు వచ్చిన ఆరు నెలలలో విడువనియెడల భారత పౌరసత్వమును కోల్పోవును. అమెరికాలో పుట్టిన బిడ్డ కొరకు మొదటి నెలలోనే అమెరికా పాస్‌పోర్టు తీసికొనువారు ఈ నమోదు మార్గమును తమంతట తామే మూసివేయుచున్నారని తెలిసికొని చేయవలెను. చేసినచో ఓసీఐ కార్డు కలదు. ఆ కార్డును ఇరువదియేండ్లు దాటిన తరువాత వచ్చు పాస్‌పోర్టుతో ఒకమారు మరల జారీ చేయించుకొనిన చాలును. అంతకు ముందు పాస్‌పోర్టు మారినప్పుడెల్ల, మూడు నెలలలో, క్రొత్తదాని ప్రతిని, ఛాయాచిత్రమును అంతర్జాలమున నమోదు చేసిన సరిపోవును. పాత పాస్‌పోర్టును మోసికొని తిరుగవలెనను నిబంధనను 2021లో ఎత్తివేసిరి.

ఇంక పేర్ల సంగతి. సోలాపురపు తెలుగువారు మరాఠీ మర్యాదను అనుసరించి తమ పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అను వరుసలో వ్రాయుదురు. సిరిసిల్లలోని వారి మేనత్త కొడుకు ఇంటిపేరును ముందు వ్రాయును, అదియు పలుమారులు ఒక్క పొడియక్షరముగా. లక్ష్మి యను పేరును ఇచటి బడి దాఖలాలో ఆంగ్లమున ఎక్స్ అక్షరముతోను, హైదరాబాదున తీసిన పత్రములో కె, ఎస్, హెచ్ అక్షరములతోను వ్రాయుదురు. బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డుపై తల్లి పేరు ఒక తీరున, కొడుకు పాస్‌పోర్టులో తల్లి పేరు వేరొక తీరున నుండును. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి మాత్రమే నింపి రెండవ గడి ఖాళీగా విడిచిన యువకునికి అమెరికా వీసాపై పేరు తెలియదను అర్థము గల ఎఫ్, ఎన్, యు అను మూడక్షరములు వ్రాయుదురు. ఆ అక్షరములే అతని బ్యాంకు ఖాతాకు, లైసెన్సునకు పాకి, కడకు ఓసీఐ దరఖాస్తునాడు అడ్డుపడును. రెండు పాస్‌పోర్టుల చిక్కులలో సగము నిజముగా పేర్ల చిక్కులే. వీనిని పూణే పాస్‌పోర్టు కార్యాలయ పరిధిలోనుండగానే, తొలి పాస్‌పోర్టు తీయునాడే, బడి దాఖలా మొదలు ఆధారు వరకు సరిచూచి దిద్దుకొనవలెను. పద్దెనిమిదేండ్ల పిల్లవానికి ఇది తోచదు. ఇంటిలో చదువుకొన్న అక్కయో అన్నయో కూర్చుండబెట్టి చేయింపవలెను.

పౌరసత్వము మారుటచే ఏమేమి పోవును, ఏమేమి నిలుచునను విషయమును ఇంటి పెద్దలకు విప్పి చెప్పుట ప్రవాసుల కర్తవ్యము. ఓసీఐ గలవాడు ఇచట ఓటు వేయజాలడు, ఎన్నికలలో నిలువజాలడు. ఇల్లు కొనవచ్చును గాని వ్యవసాయ భూమిని, తోటను కొనరాదు. వారసత్వముగా వచ్చినదానిని అనుభవింపవచ్చును. కావున విడీ ఘర్కుల్‌లోని తల్లి యిల్లు కొడుకు అమెరికా పౌరుడైన కారణముచే చేజారదు. ఈ మాట చెప్పగానే కుదుటపడిన వృద్ధురాండ్రను నేనెరుగుదును.

ఐనను వారి మనస్సులో ఆస్తికంటె వేరైన దిగులు ఉండును. ఒక యింట కొడుకు తన క్రొత్త అమెరికా పాస్‌పోర్టును తల్లి చేతికిచ్చినపుడు, ఆమె చేటను ప్రక్కకు జరిపి, పొగాకు అంటిన వ్రేళ్ళను కొంగుతో తుడుచుకొని, పుటలు త్రిప్పి, "బిడ్డా, గిండ్ల మన సోలాపుర్ పేరు ఏడున్నది?" అని యడిగినది. ఆమె చదువరి కాదు. పాత పాస్‌పోర్టులో ఊరి పేరు ఏ మూలనుండునో కొడుకు మునుపు చూపియుండగా గుర్తుంచుకొన్నది. వాస్తవము ఆమె అనుమానించినట్లే యున్నది. భారతీయ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు వ్రాయుదురు. అమెరికా పాస్‌పోర్టులో పరదేశమున పుట్టినవారికి దేశము పేరు మాత్రమే వ్రాయుదురు. కొడుకు దాచలేదు. "ఊరి పేరు రాయరమ్మా, ఇండియా అని ఉన్నది చూడు" అని వ్రేలితో చూపినాడు. ఆమె కొంతసేపు ఆ అక్షరములను చూచి, పుస్తకమును మూసి, జాగ్రత్తగా దేవుని గూటిలో పెట్టినది. పెద్దల నుండి ఇట్టి సంగతిని దాచి, తరువాత ఇతరుల నోట వినునట్లు చేయువారికంటె ఈ యువకుడు ఎంతయో మేలు చేసెనని నా విశ్వాసము. ప్రమాణము చేయుటకు ముందే చెప్పియున్న ఇంకను మేలు.

ముందే చెప్పవలెననుటకు మరియొక కారణమును కలదు. పరదేశమున ప్రమాణము చేసిన దినమున భారత పాస్‌పోర్టు పనికిరానిదగును. క్రొత్త పాస్‌పోర్టు చేతికి వచ్చుటకు వారములు పట్టును. పాతదానిని అప్పగించి ధ్రువపత్రము పొంది, ఓసీఐకి దరఖాస్తు చేసి, కార్డు వచ్చుటకు మరికొన్ని వారములు పట్టును. ఈ నడిమి కాలమున ఇంటినుండి పిలుపు వచ్చినచో మనిషి చేత ఏ పత్రమును లేకుండును. బీడీ పొగాకు ధూళి పీల్చి పీల్చి దగ్గుతో బాధపడు తల్లియో, సాంచాల మ్రోతలో ముసలివాడైన తండ్రియో మంచమున నున్నపుడు, శస్త్రచికిత్సకు తేదీ నిర్ణయమై యున్నపుడు, ప్రమాణపు తేదీని వాయిదా వేయుమని కోరవలెను. అట్లు కోరుటకు అవకాశము కలదు. వాయిదా వీలుపడనియెడల ప్రమాణమైన మరునాడే పాస్‌పోర్టునకు త్వరిత పద్ధతిన దరఖాస్తు చేసి, అది రాగానే, ఓసీఐ కొరకు వేచియుండక, ఈ-వీసా తీసియుంచుకొనవలెను. పాత పుస్తకమును అప్పగించిన పత్రపు ప్రతి నొకదానిని తన యొద్ద, ఒకదానిని సోలాపురమున తోబుట్టువు యొద్ద ఉంచవలెను. కాన్సులేటులో అత్యవసర వీసా కోరవలసివచ్చిన నాడు ఆసుపత్రివారి లేఖను ఇంటివద్దనుండి పంపవలసినవారు ఎవరో, దానిపై రోగి పేరు పాస్‌పోర్టులోని తల్లి పేరుతో సరిపోవునట్లు వ్రాయించువారు ఎవరో, అదియు ముందే నిర్ణయించుకొని యుండవలెను.